ఇసుకలో ఫోర్ లో: ఎప్పుడు వేయాలి, ఏ గేర్‌లో నడపాలి, ఎప్పుడు తీసేయాలి

ఇసుకలో బండి ఆగిపోగానే చాలామంది చేసే పని ఒకటే. ఫోర్ లో (నాలుగు చక్రాలకూ బలం అందించే తక్కువ వేగపు గేర్) వేస్తారు, ఫస్ట్ గేర్ వేస్తారు, యాక్సిలరేటర్ తొక్కుతారు. అబుదాబికీ అల్ ఐన్‌కీ మధ్య సువైహాన్ దగ్గర ఎడారిలోకి మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అదే చేశాను. చుట్టూ దిబ్బలు, మధ్యలో గిన్నెలాంటి పల్లం. పల్లం అడుగున ఇసుక జల్లించిన పిండిలా ఉంది. బండి నెమ్మదించింది. లో ఫస్ట్‌లోకి మార్చి తొక్కాను. నాలుగు చక్రాలూ తిరిగాయి, బండి ముందుకు రాకుండా కిందికి దిగింది. తలుపు తెరిస్తే దాని కింది అంచు ఇసుకను గీసుకుంటూ వచ్చింది.

పక్క దిబ్బ మీద నుంచి చూసిన ఒక సఫారీ డ్రైవర్ నడిచి వచ్చాడు. నోరు తెరవగానే మనవాడని తెలిసింది. జగిత్యాల వైపు ఊరు, ఇరవై ఏళ్లుగా ఇక్కడే బండి నడుపుతున్నాడు. "తమ్మీ, కాలు దియ్. రేస్ గొట్టకు. ఎంత గొడితె అంత లోపలికి వోతది" అన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని నాలుగు టైర్ల వెనకా ఇసుక తోడాడు. వాల్వ్ నొక్కి గాలి ఇంకొంచెం తీశాడు. "ఇప్పుడు రివర్స్ ఎయ్యి. నువ్వొచ్చిన జాడ మీదికెల్లే ఎనకకు రా. కాలు పెట్టీ పెట్టనట్టు పెట్టు." బండి ఎవరో చేయి పట్టి నడిపించినట్టు వెనక్కి వచ్చింది. అదే ఇంజన్, అదే ఫోర్ లో. మారినదల్లా టైర్లలో గాలి, నా కాలి బరువు, చక్రాల వెనక ఒక జానెడు ఇసుక.

అప్పటినుంచి వారాంతాల్లో సువైహాన్, అల్ బదాయర్, మలీహా వైపు తిరుగుతూ నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి ఇది నేరుగా పనికొస్తుంది. థార్, గూర్ఖా, జిమ్నీ, ఫార్చ్యూనర్ కొనుక్కుని జైసల్మేర్ దాకా వెళ్లాలనుకునే ఇంటిదగ్గరి వాళ్లకీ పనికొస్తుంది.

లో రేంజ్ చేసే పని: లెక్కతో చూద్దాం

ట్రాన్స్‌ఫర్ కేస్ అనేది గేర్‌బాక్స్ వెనక ఉండే రెండో చిన్న గేర్‌బాక్స్. ఫోర్ హైలో అది బండిని మామూలు వేగాలతో నడవనిస్తుంది. ఫోర్ లోలో చక్రాల వేగాన్ని ఇంకా తగ్గించి, ఆ మేరకు తిప్పే బలాన్ని పెంచుతుంది. ఎంత తగ్గిస్తుందన్నది బండిని బట్టి ఉంటుంది. హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడోల్లో 2.566 రెట్లు, ల్యాండ్ క్రూజర్ 200లో 2.618. జీప్ రాంగ్లర్ సహారాలో 2.72 ఉంటే, రాళ్ల మీద పాకడానికి చేసిన రూబికాన్‌లో ఏకంగా 4. కాబట్టి రూబికాన్ నడిపే మిత్రుడు "ఫోర్ లో థర్డ్ వెయ్" అంటే ఆ సలహా మీ హైలక్స్‌కి అలాగే వర్తించదు.

నాది జిమ్నీ, 1.5 లీటర్ పెట్రోల్, ఐదు గేర్ల మాన్యువల్. దాని లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూశాక నా డ్రైవింగే మారిపోయింది. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలి అన్నది చూడండి:

హై ఫస్ట్: సుమారు 18
హై సెకండ్: సుమారు 9.4
లో ఫస్ట్: సుమారు 36
లో సెకండ్: సుమారు 19
లో థర్డ్: సుమారు 14
లో ఫోర్త్: సుమారు 10

లో సెకండ్ అంటే దాదాపు హై ఫస్టే. లో ఫోర్త్ అంటే దాదాపు హై సెకండే. మరి లో వేసి లాభమేమిటి? హై ఫస్ట్ నుంచి సెకండ్‌కి మార్చినప్పుడు 18 నుంచి ఒక్కసారిగా 9కి పడిపోతాం. తారు రోడ్డు మీద అది తెలియదు. ఇసుకలో క్లచ్ తొక్కిన ఆ అర సెకనులోనే బండి సగం వేగం పోగొట్టుకుంటుంది. మళ్లీ క్లచ్ వదిలేసరికి ఇంజన్ మూలుగుతుంది, ఆగిపోతుంది. లోలో అయితే 19, 14, 10 అని చిన్న చిన్న మెట్లు. హైలో మెట్టే లేని చోట, సరిగ్గా ఇసుకకు కావలసిన చోట, లో థర్డ్ అనే మెట్టు దొరుకుతుంది. చిన్న ఇంజన్ బండికి దిబ్బల్లో ప్రాణం లాంటి గేర్ అది.

వేగాలు కూడా చెబుతాను. ఈ ఇంజన్‌కి లాగే బలం గరిష్ఠంగా 4000 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. అక్కడ లో ఫస్ట్‌లో గంటకు సుమారు 14 కిలోమీటర్లు, లో సెకండ్‌లో 27, లో థర్డ్‌లో 37, లో ఫోర్త్‌లో 52. ఇసుకలో తేలుతూ పోవడానికి కనీసం 15, 20 కిలోమీటర్ల వేగమైనా కావాలి. లో ఫస్ట్ ఆ వేగానికి చేరకముందే ఇంజన్ అరుపు మొదలవుతుంది. ఈ ఒక్క కారణం చాలు లో ఫస్ట్‌ను ఇసుకలో పక్కన పెట్టడానికి.

ఇంకో కారణం ఇసుకలోనే ఉంది. మన గోదావరి ఇసుక గింజ గరుకుగా, కోణాలతో ఉంటుంది, చేతిలో పట్టుకుంటే ఒకదానికొకటి పట్టుకుంటాయి. ఎడారి ఇసుక గాలికి దొర్లి దొర్లి అరిగి గుండ్రబడింది. గుప్పిట్లో ఆవాల్లా జారిపోతుంది. కట్టడాలకి ఇది పనికిరాదనడానికి ఒక కారణం ఆ నునుపే. ఇలాంటి గింజల మధ్య పట్టు చాలా తక్కువ. చక్రం ఆ పట్టుకు లోబడి నెట్టినంతసేపు బండి కదులుతుంది. అది దాటితే గింజలు విడిపోయి వెనక్కి చిమ్ముతాయి, చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. లో ఫస్ట్‌లో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త బరువైనా చాలు, ఆ హద్దు దాటిపోతాం.

ఎడ్లబండి ఏటి ఇసుకలో దిగబడితే తెలిసిన రైతు ఎడ్లను బాదడు. చక్రాల ముందు ఇసుక తీస్తాడు, రెండు బస్తాలు దించుతాడు, అప్పుడు రెండు ఎడ్లూ ఒక్కసారిగా మెల్లగా లాగేలా అదిలిస్తాడు. లో రేంజ్‌తో చేయాల్సిందీ అంతే.

మొదటి పని: గాలి తీయడం

ఫోర్ లో లివర్ ముట్టుకునే ముందు టైర్లు. ఈ మెట్టు వదిలేసి మిగతావి చదివితే ఉపయోగం లేదు.

రోడ్డు మీద 30 నుంచి 35 పీఎస్‌ఐతో తిరిగే బరువైన బండ్లకు ఇసుకలో 15 నుంచి 18. జిమ్నీ లాంటి తేలిక బండ్లకు 12 నుంచి 14. గాలి తగ్గితే టైరు వెడల్పు కంటే పొడవు ఎక్కువ పెరుగుతుంది, ట్యాంకు చెయిన్ లాగా నేల మీద పరుచుకుంటుంది. ఒంటె పాదం చూడండి, బరువు మోపగానే మెత్తటి అట్టులా విచ్చుకుంటుంది. అదే పని టైరు చేయాలి. 10కి తగ్గించడం దిగబడినప్పుడు, కొద్ది దూరానికి మాత్రమే. ఆ గాలితో గట్టిగా స్టీరింగ్ తిప్పితే టైరు రిమ్ నుంచి ఊడి వస్తుంది. అది ఎడారి మధ్యలో జరిగితే రోజంతా అక్కడే.

గాలి కొలిచే మీటర్ చేతిలో ఉండాలి, కంటిచూపుతో అంచనా వద్దు. అరగంట నడిచాక టైరు వేడెక్కి గాలి రెండు మూడు పీఎస్‌ఐ పెరుగుతుంది. నీడ దొరికిన చోట ఆగి మళ్లీ చూసుకోండి.

నాకు ఇప్పటికీ పనికొచ్చే గుర్తు ఒకటుంది: చదునైన ఇసుకలో కదలడానికే లో కావాల్సి వస్తోందంటే టైర్లలో గాలి ఇంకా ఎక్కువగా ఉంది. లో వేయకండి, గాలి తీయండి.

లో వేసే పద్ధతి

ఎక్కడ వేయాలన్నది ముందు తేల్చుకోవాలి. హై నుంచి లోకి మారాలంటే చాలా బండ్లు పూర్తిగా ఆగాలి. మెత్తటి ఇసుకలో ఆగడమంటేనే సగం దిగబడటం. అందుకే దిబ్బల్లోకి దిగకముందే, గట్టి నేల మీద, లేదా బండి ముక్కు కిందికి వాలి ఉన్న చోట మార్చుకోండి. తిరిగి కదిలేటప్పుడు ఆ వాలే తోసి పంపిస్తుంది. బ్రేక్ గట్టిగా నొక్కి ఆపితే టైర్ల ముందు ఇసుక గట్టులా పోగవుతుంది. కాలు తీసి, బండిని దానంతటదే ఆగనివ్వండి. పోగైతే ఒక మీటరు వెనక్కి వచ్చి ఆగండి.

లివర్ ఉన్న బండ్లలో ఆగి, క్లచ్ పూర్తిగా తొక్కి, మాన్యువల్ గేర్ న్యూట్రల్‌లో పెట్టి, లివర్‌ను ఒక్క ఊపున లోకి లాగండి. కొన్నిటిలో లివర్‌ను కిందికి నొక్కి లాగాలి. సగంలో ఆపితే ట్రాన్స్‌ఫర్ కేస్ తటస్థంలో ఉండిపోతుంది. అప్పుడు ఏ గేర్ వేసినా బండి కదలదు, వాలు మీదుంటే దొర్లుతుంది కూడా. లోపల పళ్లు ఎదురెదురుగా తగిలి గేర్ పడకపోతే బలవంతం చేయొద్దు. ఫస్ట్ వేసి అడుగు దూరం జరిపి మళ్లీ ప్రయత్నించండి. నాబ్ తిప్పే బండ్లలో బ్రేక్ తొక్కి, న్యూట్రల్‌లో పెట్టి, నాబ్ తిప్పాలి. డ్యాష్‌బోర్డ్ మీద 4ఎల్ దీపం మినుకుమినుకుమంటూ ఉంటే పని ఇంకా అయిపోలేదని అర్థం. నిలకడగా వెలిగేదాకా గేర్ వేయకండి. ఇక్కడ తొందరపడి గేర్ వేసి కటకట శబ్దం తెప్పించిన వాళ్లను చాలామందిని చూశాను. ఆ శబ్దం వినిపిస్తే వెంటనే న్యూట్రల్‌కి వచ్చేయండి.

ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే ప్రాడో, ల్యాండ్ క్రూజర్ లాంటి వాటిలో సెంటర్ డిఫరెన్షియల్ లాక్ (ముందు, వెనక యాక్సిల్‌లను కలిపి బిగించేది) కూడా పడిందో లేదో చూడండి. అది పడకపోతే ఒక్క చక్రం ఊరికే తిరిగినా బలమంతా అటే పోతుంది.

ఇక ఈఎస్‌పీ, అంటే బండి జారి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు. రోడ్డు మీద ప్రాణం కాపాడే ఈ ఏర్పాటు ఇసుకలో చక్రం కాస్త జారగానే బ్రేక్ వేసి, ఇంజన్ బలం కోసేస్తుంది. కొన్ని బండ్లలో బటన్ నొక్కి ఆపినా హైలో వేగం కాస్త పెరగగానే తిరిగి దానంతటదే మేలుకుంటుంది. లో వేస్తే మాత్రం పూర్తిగా పక్కకు తప్పుకుంటుంది. చిన్న బండ్ల వాళ్లు దిబ్బల్లో లోనే ఎక్కువగా వాడటానికి ఇదీ ఒక కారణం. మీ బండి ఏ రకమో మాన్యువల్ పుస్తకంలో ఉంటుంది, వెళ్లేముందు ఆ పేజీ చదవండి.

కదలడం

లో సెకండ్‌లో కదలండి. క్లచ్‌ను మెల్లగా, కానీ మధ్యలో ఆపకుండా వదలండి. స్టీరింగ్ తిన్నగా ఉండాలి. చక్రాలు పక్కకు తిరిగి ఉంటే అవి ఇసుకను అడ్డంగా నెట్టుకుంటూ పోవాలి, అక్కడే బలం వృథా. బండి రెండు మూడు మీటర్లు కదిలి, ముక్కు కొద్దిగా లేచినట్టు అనిపించినప్పుడు కాలు కొంచెం బరువు పెంచండి. సెకండ్‌లో ఇంజన్ 3500 దాటాక థర్డ్. మార్చేటప్పుడు చెయ్యి, కాలు చకచకా కదలాలి. వీలైతే కిందికి వాలే చోట మార్చండి, ఎక్కుతూ మార్చకండి.

థర్డ్‌లో పడ్డాక ఎక్కువసేపు అందులోనే ఉండండి. ఇంజన్ 3000కి, 4000కి మధ్య పలుకుతూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. పలుకు బరువెక్కుతోందంటే ఇసుక మెత్తబడింది. సెకండ్‌కి దించాలి, అదీ వేగం పూర్తిగా పడిపోకముందే. చెవి ఇక్కడ మీటర్ కంటే ముందుగా చెబుతుంది. కిటికీ అద్దం రెండు వేళ్ల మేర దించి నడపడం నాకు అలవాటు. టైరు ఇసుకలో పోతున్న సవ్వడి సన్నగా, ఒకేలా ఉంటుంది. చక్రం జారడం మొదలుపెడితే ఆ సవ్వడిలో చిరచిరలాడే శబ్దం కలుస్తుంది. ఆ క్షణంలో కాలు పావు వంతు ఎత్తితే చాలాసార్లు పట్టు తిరిగి దొరుకుతుంది. అప్పుడు కూడా తొక్కుతూనే ఉంటే ఇంకో రెండు సెకన్లలో ఆగుతారు.

క్లచ్ వాసన వస్తే అప్పుడే ఆగి చల్లారనివ్వండి. నిజానికి మాన్యువల్ బండికి లో చేసే పెద్ద మేలు క్లచ్‌ను కాపాడటం. హై ఫస్ట్‌లో బరువైన బండిని ఇసుకలోంచి కదిలించాలంటే క్లచ్‌ను సగం తొక్కి ఉంచి కాల్చాల్సి వస్తుంది. లోలో ఆ అవసరం రాదు.

హై ఎప్పుడు

దారి చదునుగా ఉండి, ఇసుక గట్టిగా ఉండి, 40 దాటి పోగలుగుతుంటే హై. లోలో అంత వేగంతో గంటల తరబడి పోతే ఇంజన్ వేడెక్కుతుంది, పెట్రోలు దండగ. పెద్ద ఇంజన్ల వాళ్లు, ఆరు, ఎనిమిది సిలిండర్ల పెట్రోల్ నిస్సాన్ పాట్రోల్‌లు, ల్యాండ్ క్రూజర్‌లు నడిపేవాళ్లు, దిబ్బల్లో కూడా చాలావరకు హైలోనే ఉంటారు. వాళ్లకు హైలోనే చాలినంత బలం ఉంటుంది, వేగం చేతిలో ఉంటుంది. అబుదాబి ఎమిరేట్‌లోని లివాలో దాదాపు 300 మీటర్ల ఎత్తుండే తల్ మొరీబ్ దిబ్బ ఎక్కేవాళ్లను చూసి ఆ పద్ధతి నేర్చుకోవాలనుకోకండి. అవి పోటీల కోసం తయారుచేసిన బండ్లు, వాళ్లది వేరే విద్య.

వేళ కూడా లెక్కలోకి వస్తుంది. తెల్లవారుజామున మంచు తేమతో ఇసుక కాస్త బిగిసి ఉంటుంది, హైలో హాయిగా పోయిన దారే మధ్యాహ్నానికి వదులై లో అడుగుతుంది. వచ్చిన దారినే తిరిగి పోగలమని నమ్మకం పెట్టుకోవద్దు.

దిబ్బ ఎక్కడం

ఎక్కేముందు దిగి, నడిచి వెళ్లి అవతలి వైపు చూడండి. గాలి వచ్చే వైపు దిబ్బ వాలుగా, గట్టిగా ఉంటుంది. గాలి చాటున ఉన్న వైపు ఇసుక జారి పడి 32, 34 డిగ్రీల నిటారు గోడలా ఉంటుంది, అదే మెత్తన. ఇక్కడ చలికాలంలో వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి రాత్రికి రాత్రే దిబ్బ అంచు జరుపుతుంది. పోయిన వారం ఎక్కిన దిబ్బ ఈ వారం అదే దిబ్బ కాదు.

ఎక్కడానికి ఎప్పుడూ తిన్నగా, వాలుకు ఎదురుగా. పరుగు తీసుకునే చోటుంటే లో థర్డ్‌లో వేగం కూడగట్టుకుని కొండ మొదట్లోనే బలం ఖర్చుపెట్టండి. పైకి వెళ్లేకొద్దీ కాలు తేలిక చేస్తూ పోవాలి. చోటు లేకపోతే, అంటే పల్లం అడుగునే మొదలుపెట్టాల్సి వస్తే, లో సెకండ్. శిఖరానికి నాలుగైదు మీటర్ల ముందు కాలు తీసేస్తే, ఆ ఊపుతోనే బండి అంచు మీదికి వచ్చి ముందు చక్రాలు అవతల పెట్టి ఆగాలి. ఊపు ఎక్కువైతే గాల్లోకి లేస్తుంది, తక్కువైతే అంచు మీద పొట్ట ఆనుకుని ఉయ్యాలలా నిలబడిపోతుంది. మొదటిది చాలా ప్రమాదం. రెండోది పారతో తీరే పని. అందుకే తప్పితే తక్కువ వైపే తప్పండి.

సగంలో ఆగిపోయారా? బండిని పక్కకు తిప్పే ఆలోచన కూడా రానివ్వకండి. వాలు మీద అడ్డం తిరిగిన బండి పొర్లుతుంది. బ్రేక్ నొక్కి నిలబెట్టి, లో రివర్స్ వేసి, క్లచ్ వదిలి, ఎక్కిన జాడ మీదే తిన్నగా వెనక్కి దిగండి. నా బండికి లో రివర్స్‌లో చక్రం ఒక చుట్టుకు ఇంజన్ సుమారు 42 చుట్లు. అంటే లో ఫస్ట్ కంటే కూడా నెమ్మది. దిగేటప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేక్ పనే ఉండదు. క్లచ్ తొక్కి, న్యూట్రల్‌లో దొర్లించుకుంటూ దిగడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

దిగడం

లో రేంజ్ అసలు విలువ నాకు దిగేటప్పుడే ఎక్కువ తెలిసింది. నిటారు వైపు దిగుతూ బ్రేక్ తొక్కితే ముందు టైర్లు ఇసుకలో గుచ్చుకుంటాయి, వెనక భాగం పక్కకు జారడం మొదలవుతుంది. లో సెకండ్ వేసి, రెండు పాదాలూ పెడల్స్ మీద నుంచి తీసి, తిన్నగా కిందికి. బండితో పాటు ఇసుక కూడా దిగుతూ ఉంటుంది, లోతుగా గుమ్మంటూ ఒక శబ్దం వస్తుంది. మొదటిసారి భయమేస్తుంది, బండికి ఏమీ కాదు. వెనక భాగం పక్కకు తిరుగుతున్నట్టు అనిపిస్తే, మనసు బ్రేక్ అంటుంది. కాలు మాత్రం యాక్సిలరేటర్ మీద పడాలి, ఒక్క తాకు. ముందు చక్రాలు లాగి బండిని తిన్నగా చేస్తాయి. లో ఫస్ట్‌లో దిగితే ఇంజన్ మరీ గట్టిగా పట్టి ఉంచి, చక్రాలు జారేలా చేస్తుంది. అందుకే ఇక్కడ కూడా సెకండే.

అడుగున ఇసుక మెత్తగా ఉంటుందని ముందే అనుకోండి. చివరి రెండు మీటర్లలో కాలు వేసి, ఆ ఊపు పోకుండా పల్లం దాటేయాలి.

దిగబడితే

బండి కదలడం ఆగిన క్షణంలో కాలు తీయండి. ఇంకో ఐదు సెకన్లు తొక్కితే పది నిమిషాల పని గంట పని అవుతుంది.

దిగి, వంగి చూడండి. చక్రాలు సగమే మునిగి, బండి పొట్ట ఇసుకకు ఆనకపోతే తేలికే. నాలుగు చక్రాలకూ వెనకవైపు, ముందువైపు ఇసుకను ఏటవాలుగా తీయండి, చక్రం ఎక్కి రావడానికి చిన్న దారిలా. పొట్ట ఆనితే ముందు కిందున్న ఇసుక తీయాలి, యాక్సిల్ గుండ్లు ఆనుకున్న చోట్లు మరిచిపోకండి. తీసిన ఇసుక దూరంగా పోయండి, పక్కనే పోస్తే మళ్లీ జారుతుంది. గాలి 12కి, అవసరమైతే 10కి. స్టీరింగ్ తిన్నగా. వెనక డిఫ్ లాక్ (వెనక రెండు చక్రాలనూ కలిపి తిప్పేది) ఉన్న బండి అయితే ఇప్పుడే వేసుకోండి.

ముందు వెనక్కే ప్రయత్నించండి, ఎందుకంటే వచ్చిన జాడలో ఇసుక ఇప్పటికే అణిగి ఉంది. రివర్స్‌కి రెండో గేర్ ఉండదు కాబట్టి లో రివర్స్‌లో కాలు మరీ తేలికగా ఉండాలి. ఇంజన్ దాదాపు దానంతటదే నడిపించాలి. అర మీటరు వెనక్కి వచ్చి ఆగితే, లో సెకండ్‌లో ముందుకు అర మీటరు, మళ్లీ వెనక్కి. ప్రతిసారీ జాడ కొంచెం పొడవు పెరుగుతుంది, అణుగుతుంది. మూడోసారికో నాలుగోసారికో ఆ చిన్న పరుగే బయటపడటానికి చాలుతుంది. ఈ ఊపడంలో చక్రం జారిన ప్రతిసారీ సంపాదించింది పోగొట్టుకుంటారని గుర్తుంచుకోండి.

ఇంకో బండితో లాగించుకోవాలంటే తాడును రికవరీ హుక్‌కే కట్టాలి. ట్రైలర్ తగిలించే గుండుకు ఎన్నడూ కట్టొద్దు. అది తెగి ఎగిరొచ్చి మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంగా, పక్కకు నిలబడాలి. దిగబడిన బండి కూడా లో సెకండ్‌లో ఉండి, లాగే బండితో పాటే మెల్లగా తన వంతు నెట్టాలి.

ఒంటరిగా ఎడారిలోకి వెళ్లొద్దు, కనీసం రెండు బండ్లు. మనిషికి ఐదు లీటర్లకు తగ్గకుండా నీళ్లు, పార, గాలి కొట్టే కంప్రెసర్, రికవరీ తాడు, ఎత్తుగా కనిపించే జెండా ఉండాలి. జెండా ఎందుకంటే దిబ్బ అవతలి నుంచి ఎదురొచ్చే బండికి మీరు ముందుగా కనిపించేది అదే. ఎమిరేట్స్‌లో పోలీసు అత్యవసర నంబర్ 999, ఒమన్‌లో 9999. వేసవిలో అసలు వెళ్లకపోవడం మంచిది. వెళ్లక తప్పకపోతే ఎండ ముదరకముందే బయటికి వచ్చేయండి. కంచె వేసిన రక్షిత ప్రాంతాల్లోకి బండి తీసుకెళ్లకండి, అక్కడ గడ్డి దుబ్బును నమ్ముకుని బతికే జీవాలున్నాయి.

ఆటోమేటిక్ బండ్లకు

లో వేసి డీలో వదిలేస్తే గేర్‌బాక్స్ పెట్రోలు ఆదా చేయాలని పైగేర్లకు పోతూ ఉంటుంది, ఇసుక ఎక్కుతుండగా సరిగ్గా తప్పు సమయంలో మారుతుంది. మాన్యువల్ మోడ్ ఉంటే 2 లేదా 3లో పట్టి ఉంచండి. లేకపోతే 2 లేదా ఎల్ అని ఉన్న చోట పెట్టండి. ఆటోమేటిక్‌లకు లో చేసే ఇంకో మేలుంది. మెత్తటి ఇసుకలో హైలో నెమ్మదిగా ఈడ్చుకుంటూ పోతే టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) లోపల నూనె సలసల కాగుతుంది. లోలో అదే పని తక్కువ వేడితో అయిపోతుంది. ఏటీ ఆయిల్ టెంప్ (గేర్‌బాక్స్ నూనె వేడెక్కిందని చెప్పే) దీపం వెలిగితే ఇంజన్ ఆపకుండా న్యూట్రల్‌లో పెట్టి, బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా నిలబెట్టండి. దీపం ఆరేదాకా కదలకండి.

తారు ఎక్కేముందు

ఎడారి అంచున గట్టి నేల మీద ఆగి, న్యూట్రల్ వేసి, లో నుంచి హైకి, హై నుంచి టూ వీల్‌కి మార్చండి. దీపం ఆరకపోతే లేదా లివర్ బిగుసుకుపోతే లోపల గేర్లు మెలిబడి ఉన్నాయని అర్థం. రెండు మూడు మీటర్లు తిన్నగా వెనక్కి వచ్చి మళ్లీ మార్చండి, సాధారణంగా వదిలేస్తుంది. పార్ట్ టైమ్ బండిని (రోడ్డు మీద టూ వీల్‌లో నడవాల్సినదాన్ని) ఫోర్‌లోనే పెట్టి పొడి తారు మీద తిప్పితే మలుపుల్లో చక్రాలు ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి, ట్రాన్స్‌ఫర్ కేస్ పాడవుతుంది.

గాలి అక్కడే నింపుకోండి, పెట్రోల్ బంకుదాకా వెళ్లి నింపుదామనుకోకండి. 14 పీఎస్‌ఐతో గంటకు 100లో పోతే టైరు పక్కలు వేడెక్కి పేలతాయి. కంప్రెసర్ ఒక్కో టైరు నింపేలోపు రిమ్ లోపలి అంచున చేరిన ఇసుకను వేలితో తీసేయండి, లేకపోతే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. వాల్వ్ క్యాపులు నాలుగూ బిగించి, సెంటర్ లాక్, డిఫ్ లాక్ దీపాలు ఆరాయో లేదో, ఈఎస్‌పీ తిరిగి పనిచేస్తోందో లేదో చూసుకుని అప్పుడు రోడ్డెక్కండి. మొదటి కిలోమీటరు నెమ్మదిగా పోతూ రెండుసార్లు బ్రేక్ మెల్లగా నొక్కి చూడండి, ప్యాడ్‌ల మధ్య చిక్కుకున్న ఇసుక రాలిపోయేదాకా కాస్త గరగరమంటుంది.